స్టోన్‌హెంజ్: దూరాలు దాటివచ్చిన రాళ్ళు

ఇంగ్లండు దక్షిణ భాగంలో, విల్ట్‌షైర్ కౌంటీలో, సాలిస్‌బరీ మైదానం అనే సుద్దనేల మీద నిలిచిన బృహత్‌శిలా వలయం స్టోన్‌హెంజ్. సాలిస్‌బరీ పట్టణానికి ఉత్తరంగా సుమారు 13 కి.మీ., ఏమ్స్‌బరీ అనే చిన్న ఊరికి పడమరగా 3 కి.మీ. దూరంలో ఉంది. ఇప్పుడు కనిపించే పెద్ద రాళ్ళను క్రీ.పూ. 2500 ప్రాంతంలో నిలబెట్టారు. అప్పటికే ఆ చోటు ఐదు వందల ఏళ్ళుగా శ్మశానం. ఈజిప్టులో గీజా పిరమిడ్లు, సింధులోయలో మొహెంజొదారో వీధులు కూడా దాదాపు ఆ కాలానివే. అయితే అక్కడ రాజ్యాలో నగరాలో ఉన్నాయి, లిపి ఉంది. స్టోన్‌హెంజ్ కట్టినవారికి రాత లేదు, నగరం లేదు, బండిచక్రం వాడిన ఆనవాలు లేదు. రాతి సుత్తులు, దుప్పికొమ్ములు, కొయ్య, తాళ్ళు, మనుషుల బలం, వీటితోనే పని చేశారు.

ఈ స్మారకాన్ని చూసిన ప్రతివారికీ ముందుగా తట్టే ప్రశ్న, అంత బరువు ఎలా ఎత్తారని. పరిశోధకులను అంతకన్నా ఎక్కువగా పట్టుకున్న ప్రశ్న మరొకటుంది. దగ్గరలోనే కావలసినంత చెట్టూ మట్టీ ఉండగా, ఎక్కడెక్కడి కొండల నుంచో రాళ్ళు తెచ్చి ఇక్కడే ఎందుకు నిలిపారు? గడిచిన వందేళ్ళలో, ముఖ్యంగా గత ఇరవై ఏళ్ళలో దొరికిన ఆధారాలన్నీ ఈ ప్రశ్న చుట్టూనే పేరుకున్నాయి.

కట్టడం రూపం

బయట ఒక గుండ్రటి కందకం, దానిని తవ్విన మట్టితో వేసిన కట్ట ఉన్నాయి. వలయం అడ్డుకొలత సుమారు 100 మీటర్లు. కట్టకు లోపలి అంచున 56 గుంతలు వలయంగా ఉన్నాయి. 17వ శతాబ్దిలో వీటిలో కొన్నింటి జాడ గమనించిన జాన్ ఆబ్రీ పేరుతో వీటిని ఆబ్రీ గుంతలు అంటారు. నడిబొడ్డున సుమారు 30 మీటర్ల అడ్డుకొలతతో సార్సెన్ అనే గట్టి ఇసుకరాతి స్తంభాల వలయం ఉంది. పూర్తిగా ఉన్నప్పుడు 30 నిలువురాళ్ళు, వాటి తలలను కలుపుతూ 30 అడ్డరాళ్ళు. ఒక్కో నిలువురాయి భూమిపైన 4 మీటర్లకు పైగా లేచి, సుమారు 25 టన్నుల బరువు ఉంటుంది. ఈ వలయం లోపల లాడం ఆకారంలో ఐదు మూడురాళ్ళ తోరణాలు, అంటే రెండు నిలువురాళ్ళ మీద ఒక అడ్డరాయి చొప్పున నిలిపినవి. అన్నింటికన్నా పెద్ద తోరణంలో మిగిలిన ఒక్క నిలువురాయి ఏడు మీటర్ల ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. బరువు 30 టన్నులకు పైమాటే. సార్సెన్ల మధ్య, వాటికన్నా చాలా చిన్నవిగా, రెండు నుంచి ఐదు టన్నుల బరువుండే రాళ్ళు ఒక వలయంగానూ, ఒక లాడంగానూ అమరి ఉన్నాయి. వీటిని నీలిరాళ్ళు అంటారు. తడిసినప్పుడూ కొత్తగా పగిలినప్పుడూ నీలపు ఛాయ కనిపిస్తుంది. మొదట ఎనభై వరకూ ఉండేవని అంచనా. ఇప్పుడు దాదాపు సగం జాడ తెలుస్తోంది. ఇక మధ్యలో, పడిపోయిన పెద్ద తోరణం కింద నేలలో కూరుకుపోయిన ఒక పలకరాయి ఉంది. దానికి ఆల్టర్ స్టోన్ అని, అంటే బలిపీఠమని, తరవాతివారు పేరు పెట్టారు. అక్కడ బలి జరిగిన ఆధారమేదీ లేదు.

పెద్ద రాళ్ళున్న శిలావలయాలు ఐరోపాలో వందలకొద్దీ ఉన్నాయి. పరిమాణం మాటకొస్తే, 30 కి.మీ. ఉత్తరాన ఉన్న ఏవ్‌బరీ వలయం స్టోన్‌హెంజ్ కన్నా ఎన్నో రెట్లు పెద్దది. చెక్కడంలో మాత్రం స్టోన్‌హెంజ్‌కు సాటి లేదు. నిలువురాయి తలమీద బొడిపె తీసి, అడ్డరాయి అడుగున దానికి సరిపడే బెజ్జం తొలిచి, ఒకదానిలో ఒకటి కూర్చోబెట్టారు. పక్కపక్క అడ్డరాళ్ళను గాడిలో నాలుక దిగేలా కలిపారు. ఇవి వడ్రంగి పని పద్ధతులు. కొయ్యతో కట్టడం క్షుణ్ణంగా తెలిసినవారు అదే నేర్పును రాతి మీద చూపారు. అడ్డరాళ్ళను తిన్నగా చెక్కలేదు, వలయం వంపుకు తగినట్టు కొద్దిగా వంచి చెక్కారు. నేల ఒకవైపుకు వాలుగా ఉన్నా పైన అడ్డరాళ్ళ వరస మట్టంగా ఉంది. అంటే పునాది గుంతల లోతునూ రాయి పొడవునూ ముందే లెక్కచూసుకున్నారు. సార్సెన్ ఉలికి లొంగే రాయి కాదు. సార్సెన్ గుండ్లతోనే కొట్టి కొట్టి, పొడిచేస్తూ నునుపు చేయాలి. ఆ పనిలో వాడి పారేసిన సుత్తిరాళ్ళు తవ్వకాల్లో విరివిగా దొరికాయి.

వలయం అసలు పూర్తయిందా అన్న అనుమానం చాలాకాలం ఉండేది. ఒక రాయి మిగతావాటికన్నా పొట్టిగా, సన్నగా ఉంది. నైరుతి వైపు చాలా రాళ్ళు లేవు. 2013 ఎండాకాలంలో గడ్డికి నీళ్ళు పెట్టే పైపు పొడవు చాలక ఆ భాగం తడవలేదు. ఎండిన గడ్డిలో, సరిగ్గా రాళ్ళు ఉండవలసిన చోట్ల వాడిన మచ్చలు తేలాయి. వాటిని ముందుగా గుర్తించింది అక్కడి కాపలా సిబ్బంది. ఒకప్పుడు అక్కడ గుంతలు తీసిన నేల తేడాగా ఎండిందన్నమాట. వలయం పూర్తయిందనే వాదానికి దానితో బలం వచ్చింది.

దశలు

స్టోన్‌హెంజ్ ఒక్కసారి ఒక నమూనా గీసి కట్టింది కాదు. క్రీ.పూ. 8500–7000 మధ్య, వేటగాళ్ళ కాలంలోనే, ఇక్కడికి దగ్గరలో పెద్ద పైన్ దుంగలు పాతి నిలబెట్టారు. ఆ గుంతలు పాత కార్ల నిలుపుస్థలం కింద బయటపడ్డాయి. వాటికీ తరవాతి కట్టడానికీ మధ్య నాలుగు వేల ఏళ్ళ ఎడం ఉంది కనుక నేరుగా ముడిపెట్టలేం. క్రీ.పూ. 3000 ప్రాంతంలో కందకం తవ్వారు. తవ్వకానికి వాడిన దుప్పికొమ్ములను అడుగునే వదిలేశారు. వాటి వల్లనే ఈ కాలం తేలింది. ఆబ్రీ గుంతలు ఆ దశవే. వాటిలో మొదట నీలిరాళ్ళు నిలిచాయని ఇప్పుడు చాలామంది పండితులు భావిస్తున్నారు. క్రీ.పూ. 2500 ప్రాంతంలో సార్సెన్లు వచ్చాయి. నీలిరాళ్ళను పీకి మళ్ళీ అమర్చారు, ఆ తరవాతి శతాబ్దాల్లో ఇంకోసారి మార్చారు. అదే కాలంలో ఈశాన్య ద్వారం నుంచి ఏవన్ నది వరకూ దాదాపు 3 కి.మీ. పొడవున, రెండు పక్కలా కట్టలున్న బాట వేశారు. దాన్ని అవెన్యూ అంటారు. క్రీ.పూ. 1750–1500 మధ్య కొన్ని సార్సెన్ల మీద కంచు గొడ్డళ్ళ బొమ్మలు, ఒక బాకు బొమ్మ చెక్కారు. అవి 1953 వరకూ ఎవరి కంటా పడలేదు.

ఆ మొదటి ఐదు వందల ఏళ్ళలో ఇక్కడ కాల్చిన ఎముకలను పాతిపెట్టేవారు. బ్రిటన్‌లో తెలిసిన ఆ కాలపు దహన శ్మశానాల్లో ఇదే పెద్దది. 1920లలో విలియం హాలీ తవ్వి తీసిన ఎముకలను ఏ ప్రదర్శనశాలా తీసుకోక, 1935లో వాటిని ఒక ఆబ్రీ గుంతలోనే తిరిగి పాతిపెట్టారు. 2008లో పురావస్తు పండితుడు మైక్ పార్కర్ పియర్సన్ బృందం వాటిని మళ్ళీ బయటికి తీసింది. స్త్రీలూ పురుషులూ పిల్లలూ ఉన్నారు. 2018లో వెలువడిన స్ట్రాన్షియం పరీక్షలో, చూసిన 25 మందిలో 10 మంది చివరి ఏళ్ళలో ఈ సుద్దనేల మీద బతకలేదని తేలింది. వారి ఎముకల్లోని గుర్తులు పడమటి వేల్స్ నేలకు సరిపోతున్నాయి. నీలిరాళ్ళు వచ్చింది కూడా ఆ దిక్కు నుంచే.

రాళ్ళ ఊళ్ళు

నీలిరాళ్ళ పుట్టినచోటును మొదట పట్టుకున్నది హెర్బర్ట్ థామస్ అనే భూగర్భశాస్త్రవేత్త. 1923లో ఆయన, తెల్ల చుక్కలున్న డాలరైట్ రాయి పడమటి వేల్స్‌లోని ప్రెసెలీ కొండల్లో మాత్రమే ఉందని చూపాడు. అక్కడి నుంచి స్టోన్‌హెంజ్‌కు తిన్నగా కొలిస్తే సుమారు 225 కి.మీ. మంచుయుగంలో హిమానీనదాలే ఆ రాళ్ళను ఇటు మోసుకొచ్చి పడేశాయని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. అలాగైతే సాలిస్‌బరీ మైదానమంతటా అలాంటి గుండ్లు చెల్లాచెదురుగా దొరకాలి. దొరకలేదు. పైగా రిచర్డ్ బెవిన్స్, రాబ్ ఇక్సర్ అనే శిలాశాస్త్రవేత్తలు రాతి ముక్కలను పోల్చి చూసి, చుక్కల డాలరైట్‌లో ఎక్కువ భాగం కార్న్ గోడోగ్ అనే గుట్టదని, ఒక రకం రయొలైట్ క్రెయిగ్ రోస్-అ-ఫెలిన్ అనే రాతిచరియదని తేల్చారు. పార్కర్ పియర్సన్ బృందం ఆ రెండు చోట్లా తవ్వింది. అక్కడ రాళ్ళు సహజంగానే నిలువు స్తంభాలుగా పగుళ్ళు తీసి ఉంటాయి. పగులులోకి చీలిక దిగగొట్టి స్తంభాన్ని వేరుచేస్తే చాలు, చెక్కనక్కర లేదు. ఆ చీలికరాళ్ళు, స్తంభాన్ని దించిన తిన్నెలు, కూలీల మంటల్లోని బొగ్గు అక్కడ దొరికాయి. కాలం క్రీ.పూ. 3000 దరిదాపులు. ఇదే బృందం 2021లో, ప్రెసెలీలోని వాన్ మాన్ అనే శిథిల వలయం నుంచే రాళ్ళు పీకి తెచ్చి ఉండవచ్చని ప్రతిపాదించింది. తరవాతి రసాయన పరీక్షలు దానికి అనుకూలంగా రాలేదు. గనుల సంగతి మాత్రం గట్టిగా నిలబడింది.

సార్సెన్ల కథ వేరు. అవి ఉత్తరాన మార్ల్‌బరో గుట్టల నుంచి వచ్చాయని ఎప్పుడో ఊహించారు. ఏ చోటి నుంచో చెప్పాలంటే రాయిని తొలిచి చూడాలి, రక్షిత స్మారకాన్ని ఎవరు తొలవనిస్తారు? 1958లో ఒక తోరణాన్ని తిరిగి నిలబెట్టినప్పుడు, పగిలిన నిలువురాయిలోకి లోహపు కమ్మీలు దింపడానికి రంధ్రాలు వేశారు. ఆ పని చేసిన సంస్థ ఉద్యోగి ఒకరు, బయటికి వచ్చిన మీటరుకు పైగా పొడవున్న రాతికడ్డీని గుర్తుగా దాచుకుని, తనతో అమెరికాకు తీసుకుపోయారు. అరవై ఏళ్ళ తరవాత, 2018లో దానిని తిరిగి ఇచ్చారు. బ్రైటన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ నాష్, ఆయన సహచరులు అందులో చిన్న భాగాన్ని పొడిచేసి పరీక్షించారు. మిగిలి ఉన్న 52 సార్సెన్లనూ గీత పడకుండా ఎక్స్-కిరణాలతో కొలిచారు. వాటిలో 50 ఒకే రసాయన స్వభావం గలవి. 25 కి.మీ. ఉత్తరాన ఉన్న వెస్ట్ వుడ్స్ అనే అడవిలోని రాయితో అవి సరిపోయాయి. ఈ ఫలితం 2020లో వెలువడింది. ఒక మనిషి జ్ఞాపకంగా దాచుకున్న రాయి ఇంత పని చేయడం పురావస్తు చరిత్రలో అరుదైన సంఘటన.

మోసిన పద్ధతి గురించి చెప్పవలసింది తక్కువే. 2016లో లండన్ యూనివర్సిటీ కాలేజీ విద్యార్థులు, సిబ్బంది ఒక టన్ను రాయిని కొయ్య తెప్పబండి మీద కట్టి, దుంగల మీదుగా లాగి చూశారు. పదిమంది సునాయాసంగా లాగారు. అంతకుముందు 2000లో వేల్స్ నుంచి పడవ మీద ఒక నీలిరాయిని తేబోతే అది మిల్‌ఫర్డ్ హేవెన్ దగ్గర సముద్రంలో మునిగిపోయింది. నేలదారే నమ్మదగినదని నేటి అభిప్రాయం. తాడు పట్టేవారు వందల్లో ఉంటే 25 టన్నుల రాయీ కదులుతుంది. అంతమందిని నెలల తరబడి ఒక పనికి కూడగట్టడం, తిండి పెట్టడం, ఒకరి నేల మీదుగా మరొకరి రాయిని పోనివ్వడం, ఇవి అసలు కష్టాలు. దారిలో ఉన్న ప్రతి పల్లె ఒప్పుకుంటేనే 225 కి.మీ. దాటి రాయి చేరుతుంది. ఈ వ్యాసకర్త దృష్టిలో స్టోన్‌హెంజ్ గొప్పతనం ఈ ఒప్పుదలలోనే ఉంది.

సూర్యుడి గీత

కట్టడం ఒక గీత మీద నిలిచింది. ఈశాన్యానికి చూస్తే, జూన్ 21 ప్రాంతంలో, పగలు అన్నింటికన్నా పొడవైన రోజున సూర్యుడు ఉదయించే దిక్కు. అదే గీతను నైరుతికి పొడిగిస్తే, డిసెంబరు 21 ప్రాంతంలో, పగలు అన్నింటికన్నా పొట్టిదైన రోజున సూర్యుడు అస్తమించే దిక్కు. మనం సంక్రాంతినాడు ఉత్తరాయణ పుణ్యకాలం జరుపుకుంటున్నా, ఆకాశంలో సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది ఆ డిసెంబరు రోజునే. ఈ రెండింటిలో స్టోన్‌హెంజ్ దేనికోసం? ప్రతి ఏటా జూన్‌లో వేలమంది వేకువకు ముందే చేరుతారు కానీ, ఆధారాలు డిసెంబరు వైపే మొగ్గుతున్నాయి. అవెన్యూ మీదుగా నడిచి వచ్చేవారికి ఎదురుగా కనిపించేది నైరుతి. అన్నింటికన్నా పెద్ద తోరణం నిలిచింది ఆ కొసనే. దాని రెండు రాళ్ళ సందులోంచి చలికాలపు అస్తమయం కనిపించేది.

2008లో అవెన్యూ మీద తవ్వినప్పుడు మరో సంగతి తెలిసింది. బాట కింద సుద్దనేలలో, మంచుయుగపు గడ్డకట్టడం వల్ల ఏర్పడిన సహజమైన చాళ్ళు, గట్లు అదే దిక్కుగా సాగుతున్నాయి. నేలే సూర్యుడి దారి చూపుతున్నట్టు అప్పటివారికి అనిపించి ఉంటుందని, అందుకే ఆ చోటు ఎంచుకున్నారని పార్కర్ పియర్సన్ అంటాడు. ఎందుకు ఇక్కడే అన్న ప్రశ్నకు ఇప్పటివరకూ వచ్చిన జవాబుల్లో దీనికే నేను ఎక్కువ బరువు ఇస్తాను.

ఆకాశం మీద ఇంకా పెద్ద కోటలు కట్టినవారున్నారు. 1960లలో ఖగోళశాస్త్రవేత్త జెరాల్డ్ హాకిన్స్ కంప్యూటర్ సాయంతో సూర్యచంద్రుల గీతలు ఎన్నో లెక్కగట్టి, 56 గుంతలతో గ్రహణాలు చెప్పగలిగేవారని ప్రకటించాడు. మరో ఖగోళశాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ కూడా ఆ దారినే పోయాడు. స్టోన్‌హెంజ్ తవ్విన రిచర్డ్ అట్కిన్సన్ దానిని గట్టిగా ఖండించాడు. ఆ గుంతల్లో దహనం చేసిన అస్థులు ఉండటం, మొదట వాటిలో రాళ్ళు నిలిచాయన్న అభిప్రాయం బలపడటంతో గ్రహణయంత్రం వాదం వెనకబడింది. 2022లో పురావస్తు పండితుడు టిమతీ డార్విల్ ఇది 365 రోజుల క్యాలెండరని వాదిస్తే, మరుసటి ఏడే ఖగోళ పురావస్తు పండితులు దానిలోని అంకెల ఎంపికను తప్పుబట్టారు.

బతికినవారి కొయ్య, పోయినవారి రాయి

సార్సెన్లు నిలబెట్టినవారు ఉన్నది ఎక్కడ? 3 కి.మీ. ఈశాన్యాన, ఏవన్ ఒడ్డున, డరింగ్‌టన్ వాల్స్ అనే చోట. స్టోన్‌హెంజ్ రివర్‌సైడ్ ప్రాజెక్టు పేరుతో 2003–2009 మధ్య జరిగిన తవ్వకాల్లో అక్కడ సుద్ద నేలలు, మధ్యలో పొయ్యి, గోడల వెంబడి కొయ్య మంచాల జాడలు ఉన్న చిన్న చతురస్రపు ఇళ్ళు బయటపడ్డాయి. కాలం క్రీ.పూ. 2500. పంది ఎముకలు గుట్టలుగా ఉన్నాయి. ఎక్కువ పందులు తొమ్మిది నెలల వయసువి, అంటే వసంతంలో పుట్టి చలికాలం నడుమ కోసినవి. డిసెంబరు అస్తమయపు పండుగకు ఇది గట్టి సాక్ష్యం. 2019లో ఆ పందుల ఎముకల ఐసోటోపులు చూసినప్పుడు, కొన్ని వేల్స్ నుంచి, కొన్ని స్కాట్లండ్ అంత దూరం నుంచి తోలుకొచ్చినవని తేలింది. పందిని అంత దూరం నడిపించడం ఎంత కష్టమో మేపినవారికి తెలుస్తుంది. విందుకు మాంసం దగ్గరలోనే దొరుకుతుంది. ఎవరి ఊరి నుంచి వారు తమ పశువును తెచ్చి పెట్టడం మర్యాద అయి ఉండాలి.

డరింగ్‌టన్‌లో వలయాలు కొయ్యవి. స్టోన్‌హెంజ్‌లో రాతివి. ఈ తేడాకు అర్థం మడగాస్కర్ నుంచి వచ్చింది. అక్కడి పురావస్తు పండితుడు రమిలిసునినా, పార్కర్ పియర్సన్‌తో స్టోన్‌హెంజ్ చూడటానికి వచ్చినప్పుడు, ఇది పూర్వీకులదని తడుముకోకుండా చెప్పాడు. మడగాస్కర్‌లో ఇళ్ళు కొయ్యతో, సమాధులు రాతితో కడతారు. కొయ్య బతికున్నవారిలాగే చివికిపోతుంది, రాయి పోయినవారిలాగే శాశ్వతం. వారిద్దరూ 1998లో ఈ ఊహను ప్రచురించారు. నది, అవెన్యూ ఆ రెండు లోకాలను కలిపే దారి అన్నారు. ఒక దేశపు ఆచారాన్ని మరో దేశపు ఐదువేల ఏళ్ళ నాటి రాళ్ళకు అంటగట్టడం ఏమిటని ఆక్షేపణలు వచ్చాయి. ఆ ఆక్షేపణలో న్యాయం లేకపోలేదు. కానీ శ్మశానం స్టోన్‌హెంజ్‌లో, విందులు డరింగ్‌టన్‌లో అని తవ్వకాలు చూపాక, ఆ ఊహకు మొదట లేని బలం వచ్చింది.

దీనికి పోటీగా పురావస్తు పండితులు జెఫ్రీ వెయిన్‌రైట్, డార్విల్ నీలిరాళ్ళకు రోగాలు నయంచేసే మహిమ ఉందని నమ్మేవారని, దూరాల నుంచి రోగులు వచ్చేవారని వాదించారు. 2002లో ఏమ్స్‌బరీ దగ్గర దొరికిన ఒక సమాధిని వారు చూపుతారు. బాణపు మొనలు, రాగి కత్తులు, బంగారపు జుట్టు ఆభరణాలు సహా దాదాపు వంద వస్తువులతో పాతిన ఆ మనిషిని ఏమ్స్‌బరీ ఆర్చర్ అంటారు. పళ్ళ పరీక్షను బట్టి అతని బాల్యం ఆల్ప్స్ ప్రాంతంలో గడిచింది. మోకాలు దెబ్బతిని ఉంది. అతడు క్రీ.పూ. 2300 ప్రాంతం వాడు, అంటే సార్సెన్లు నిలిచిన రెండు వందల ఏళ్ళ తరవాత వచ్చినవాడు.

అతనిలాంటి వారి రాకతోనే కట్టినవారి కథ ముగింపుకు వచ్చింది. స్టోన్‌హెంజ్ కట్టినవారు, క్రీ.పూ. 4000 ప్రాంతంలో బ్రిటన్‌కు వ్యవసాయం తెచ్చినవారి సంతతి. వారి మూలాలు ఏజియన్ సముద్ర తీరాల రైతుల్లో ఉన్నాయని 2019 నాటి జన్యు అధ్యయనం చూపింది. క్రీ.పూ. 2450 తరవాత ఐరోపా ఖండం నుంచి బీకర్ అనే రకం కుండలు, లోహపు పని తెలిసినవారు వచ్చారు. కొన్ని వందల ఏళ్ళలో బ్రిటన్ జనాభా వంశవారసత్వంలో దాదాపు 90 శాతం కొత్తవారిదే అయింది. కొత్తవారు రాళ్ళను కూలగొట్టలేదు. చుట్టూ గుట్టల మీద తమ సమాధి దిబ్బలు, అక్కడి నుంచి స్టోన్‌హెంజ్ కనిపించేలా వేసుకున్నారు.

రాక్షసులు, రోమన్లు, డ్రూయిడ్లు

1130 ప్రాంతంలో హంటింగ్‌డన్ హెన్రీ రాతల్లో స్టోన్‌హెంజ్ పేరు తొలిసారి కనిపిస్తుంది. కొద్ది ఏళ్ళకే మన్మత్ జెఫ్రీ తన బ్రిటన్ రాజుల చరిత్రలో, రాక్షసులు ఆఫ్రికా నుంచి ఐర్లండ్‌కు తెచ్చిన రాళ్ళను మెర్లిన్ అనే మాంత్రికుడు ఇక్కడికి తరలించాడని రాశాడు. చరిత్రగా అది చెల్లదు. అయినా రాళ్ళు పడమటి నుంచి వచ్చాయన్న ఒక్క మాట నిజానికి దగ్గరగా ఉండటం పండితులను ఇప్పటికీ ఆలోచింపజేస్తోంది. పెద్దరాళ్ళను రాక్షసులకు అంటగట్టడం ఒక్క బ్రిటన్ అలవాటు కాదు. తెలంగాణ పల్లెల్లో ఇనుపయుగపు బృహత్‌శిలా సమాధులను రాక్షసగుళ్ళు అనడం తెలిసిందే.

17వ శతాబ్దిలో వాస్తుశిల్పి ఇనిగో జోన్స్ దీనిని రోమన్ గుడి అన్నాడు. అంత మట్టంగా కట్టడం స్థానికుల చేతకాదని ఆయన నమ్మకం. జాన్ ఆబ్రీ, తరవాత 1740లో పుస్తకం వేసిన విలియం స్టూక్లీ ఇది స్థానికులదేనని సరిగ్గా పట్టుకున్నారు. అవెన్యూను, సూర్యోదయపు గీతను గుర్తించింది స్టూక్లీయే. అయితే ఆయన దాన్ని డ్రూయిడ్ పూజారులకు అప్పగించాడు. డ్రూయిడ్ల ప్రస్తావన మనకు దొరికేది క్రీ.పూ. మొదటి శతాబ్దిలో. అప్పటికి సార్సెన్లు నిలిచి రెండువేల ఏళ్ళు దాటింది. ఈ పొరపాటు దక్కనుకూ చేరింది. నిజాం కొలువులో పనిచేసిన ఫిలిప్ మెడోస్ టేలర్ 19వ శతాబ్ది మధ్యలో షోరాపూరు ప్రాంతపు రాతి సమాధులను తవ్వి, బ్రిటన్ శిలాస్మారకాలతో పోల్చి, వాటికీ డ్రూయిడ్ పేరు తగిలించాడు. ఆయన తవ్వకపు వర్ణనలు మాత్రం అప్పటికి ఎంతో శ్రద్ధగలవి. దక్కను సమాధులు ఎక్కువగా క్రీ.పూ. 1000 తరవాతివని, బ్రిటన్‌తో వాటికి సంబంధం లేదని ఇప్పుడు తెలుసు. 

చేతులు మారిన తీరు

1797లో ఒక తోరణం కూలింది. 1877లో చార్లెస్ డార్విన్ ఇక్కడికి వచ్చి, పడిన రాళ్ళు నేలలో కూరుకుపోవడంలో వానపాముల పాత్రను పరిశీలించాడు. 1900 డిసెంబరు 31న మరో నిలువురాయి పడింది. యజమాని ఎడ్మండ్ ఆంట్రోబస్ కంచె వేసి, రుసుము పెట్టాడు. మరుసటి ఏడు విలియం గౌలండ్ ఒరిగిన పెద్ద తోరణపు రాయిని నిలబెట్టాడు. జపాన్ టంకశాలలో పనిచేసి అక్కడి ప్రాచీన సమాధులు పరిశీలించిన ఇంజనీరు ఆయన. ఆయన తవ్వినది కొద్ది చోటే అయినా, పొర పొరకూ రాసిపెట్టిన తీరు తరవాతివారికి ఆదర్శం కావలసింది. 1915లో వేలంలో సెసిల్ చబ్ 6,600 పౌండ్లకు కొని, 1918లో జాతికి దానమిచ్చాడు. హాలీ 1919–26 తవ్వకాలు విస్తారమైనవి, అంత నిపుణమైనవి కావు. 1952లో విలర్డ్ లిబీ, తాను కనిపెట్టిన రేడియోకార్బన్ పద్ధతితో ఆబ్రీ గుంత బొగ్గును పరీక్షించడంతో స్టోన్‌హెంజ్‌కు తొలిసారి శాస్త్రీయమైన తేదీ వచ్చింది.

1986లో యునెస్కో దీన్ని ఏవ్‌బరీతో కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పగలు అన్నింటికన్నా పొడవైన అయనాంతపు రోజున జనాన్ని రాళ్ళ మధ్యకు రానివ్వాలా అన్నదానిపై 1985లో పోలీసులకూ యాత్రికులకూ మధ్య హింసదాకా వెళ్ళిన వివాదం, 2000 నుంచి ఆ రోజుల్లో ఉచిత ప్రవేశం ఇవ్వడంతో సద్దుమణిగింది. 2013లో పక్కనే పోయే ఒక రోడ్డు మూసి గడ్డి పెంచారు. ఏ303 రహదారిని మాత్రం సొరంగంలోకి దించే పథకం ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలిగి, 2024లో రద్దయింది. వాహనాల రొద ఇంకా వలయం దాకా వినిపిస్తుంది.

ఉత్తరపు రాయి

ఆల్టర్ స్టోన్ దాదాపు 5 మీటర్ల పొడవు, 6 టన్నుల బరువున్న ఆకుపచ్చని ఛాయ గల ఇసుకరాయి. నీలిరాళ్ళతోపాటు అదీ వేల్స్‌దేనని వందేళ్ళపాటు అనుకున్నారు. బెవిన్స్, ఇక్సర్ దానికి సరిపోయే శిల వేల్స్ అంతా వెదికి దొరకక, ఆ అభిప్రాయం వదులుకున్నారు. 2024 ఆగస్టులో ఆస్ట్రేలియాలోని కర్టిన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆంథనీ క్లార్క్, బెవిన్స్, ఇక్సర్ తదితరులతో కలిసి నేచర్ పత్రికలో ఫలితం ప్రకటించాడు. రాతి ముక్కల్లోని జిర్కాన్, అపటైట్, రూటైల్ రేణువుల వయసులు కొలిచి చూస్తే, అవి స్కాట్లండ్ ఈశాన్యంలోని ఆర్కేడియన్ శిలాద్రోణికి సరిపోయాయి. దూరం కనీసం 750 కి.మీ. క్లార్క్ పుట్టిపెరిగింది ప్రెసెలీ కొండల పక్కన.

నవీన శిలాయుగపు బ్రిటన్ గురించి మనకున్న ఊహను ఈ ఒక్క రాయి విస్తరించింది. అయితే స్కాట్లండ్‌తో బంధానికి ఆనవాళ్ళు అంతకుముందే ఉన్నాయి. డరింగ్‌టన్‌లో దొరికిన గాళ్ళు గీసిన కుండల రకం మొదట పుట్టింది ఉత్తరపు ఆర్క్‌నీ దీవుల్లో. ఆ ఊరి ఇళ్ళ పొందిక ఆర్క్‌నీలోని స్కారా బ్రే రాతి ఇళ్ళను పోలి ఉంది. స్కాట్లండ్ ఈశాన్యపు శిలావలయాల్లో ఒక పెద్ద రాయిని నిలబెట్టకుండా పడుకోబెట్టే ఆచారం ఉంది. ఆల్టర్ స్టోన్‌ను కూడా మొదటినుంచీ పడుకోబెట్టే ఉంచి ఉండవచ్చని, రాయితోపాటు ఆచారమూ వచ్చిందని పార్కర్ పియర్సన్ 2024 చివర్లో ప్రతిపాదించాడు. దూర ప్రాంతాల తెగలు తమ తమ నేల రాళ్ళను ఒకచోట చేర్చి, పొత్తు కుదుర్చుకున్న గుర్తు స్టోన్‌హెంజ్ అని అతని వాదం. క్రీ.పూ. 2500 దరిదాపుల్లోనే ఖండం నుంచి కొత్తవారి రాక మొదలవుతోంది కనుక, ఆ పొత్తుకు తొందర కూడా ఉండి ఉంటుందంటాడు. పందులు, ఆ శ్మశానపు అస్థులు, మూడు చోట్ల రాళ్ళు, ఇవన్నీ ఒకే మాట చెబుతున్నాయి గనుక ఈ వాదాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. ఆర్క్‌నీ దీవుల శిలలతో పోల్చి చూసి, రాయి అక్కడిది కాదని 2024లోనే తేల్చారు. ఇప్పుడు వెతుకులాట స్కాట్లండ్ ఈశాన్య ప్రధానభూభాగం మీద, ఇన్వర్నెస్ నుంచి ఉత్తరానికి సాగే ఇసుకరాతి నేలల్లో సాగుతోంది.